ఆలోచనకు ఎడమీయని వ్యసనము

(వార్షిక మహాసభయందు కావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విద్యను గూర్చి చెప్పుట సులభము, వినుటయు సులభము. మన సంఘము పుట్టిననాటినుండి ఏటేట ఎవరో ఒకరు చెప్పుచునే యున్నారు. మనమును చప్పట్లు చరచుచునే యున్నాము. కాని మేము వసతిగృహపు వ్యవహారములు చూచుచుండుటచేత తల్లిదండ్రులు తరచుగ మా యొద్దకు వచ్చుచుందురు. ఈ కొలది యేండ్లుగ వారు మార్కులను గూర్చి అడుగుట తగ్గినది. తలుపు చేరవేసి, గొంతు తగ్గించి, వేరొక సంగతి చెప్పుచున్నారు. అందుచేత కార్యదర్శిగారి అనుమతితోనే విషయమును మార్చుకొంటిమి.

వారు చెప్పు సంగతి యిది. కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. లేక హైదరాబాదుననో బెంగుళూరుననో ఉద్యోగము చేయుచున్నాడు. లేక ఊరనే తండ్రి అంగడి చూచుకొనుచున్నాడు. కళాశాలకు కట్టుమని యిచ్చిన రుసుము కట్టలేదు. తల్లి సొమ్ములు కుదువకు పోయినవి. స్నేహితులయొద్దను బంధువులయొద్దను ఏవో కల్లలాడి చేబదుళ్లు తెచ్చినాడు. అంతయు సెల్‌ఫోనునందు పోయినది. రమ్మీలో, క్రికెట్టు పందెములలో, లేక షేరుబజారను పేరు పెట్టుకొన్న పందెములలో. ఆ తల్లి మమ్ము అడుగు ప్రశ్న ఎప్పుడును ఒక్కటియే. “ఇంత తెలివైనోడు, ఒక్క రాత్రిలో ఇంత పని ఎట్ల చేసినాడు సామీ?”

ఈ ప్రశ్నకు ‘కలికాలము’ అని బదులు చెప్పి పంపివేయవచ్చును. ‘పెంపకపు లోప’మనియు చెప్పవచ్చును. చాలమంది అట్లే చెప్పుచున్నారు. ఆ రెండును బదుళ్లు కావని మా అభిప్రాయము. తెలివికిని నిర్ణయమునకును నడుమ ఒక ఎడము కలదు. కోరిక పుట్టిన క్షణమునకును చేయి కదలిన క్షణమునకును మధ్య నున్న కాలమే ఆ ఎడము. మన పెద్దలు దానిని ‘నిదానము’ అనిరి. ఈ వ్యసనము తెలివిని హరింపదు. ఆ ఎడమును హరించును. నేటి మా ప్రసంగమంతయు దీనిని గూర్చియే.

ముందుగ నొక మాట. సెల్‌ఫోను వాడువాడెల్ల వ్యసని కాడు. అట్లు కాకున్న ఈ పందిటిలో వ్యసని కానివారు దొరకరు. ఇంటర్నెట్టు వాడుక వ్యసనము కావచ్చునని 1996లో అమెరికాయందు కింబర్లీ యంగు అను మనశ్శాస్త్రజ్ఞురాలు చెప్పినపుడు పలువురు నవ్విరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరినుండి అమలునకు తెచ్చిన వ్యాధుల పట్టికయందు ‘ఇంటర్నెట్టు వ్యసన’మను పేరు లేదు గాని, ఆటల వ్యసనమును జూదవ్యసనమును కలవు. అందు చెప్పిన లక్షణములు స్పష్టమైనవి: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట. సాధారణముగ ఇవి ఒక సంవత్సరమైనను కొనసాగవలెను. సెలవులలో నాలుగు దినములు ఆడిన బాలునికి రోగమంటగట్టి వైద్యునియొద్దకు లాగుకొనిపోవలదు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తుము. 1994లో అమెరికాయందలి అయోవా విశ్వవిద్యాలయమున బెచారా, డమాసియో మొదలగు పండితులు ఒక పరీక్షను కల్పించిరి. ఎదుట నాలుగు కట్టల ముక్కలుండును. రెండు కట్టలలో ముక్క తీసిన ప్రతిసారియు నూరు డాలర్లు వచ్చును. తక్కిన రెంట ఏబది మాత్రమే. డబ్బు ఉత్తుత్తిదే. కాని నూరు వచ్చు కట్టలలో నడుమనడుమ పెద్ద జరిమానాలుండును. పది ముక్కలు తీయునప్పటికి మొత్తముమీద 250 డాలర్లు నష్టము. ఏబది వచ్చు కట్టలలో జరిమానాలు చిన్నవి. పది ముక్కలకు 250 లాభము. ఆడువానికి ఇదేమియు ముందుగ చెప్పరు. ఆరోగ్యవంతులు కొంతసేపటికి నూరును విడిచి ఏబది వైపు తిరిగిరి. మెదడు ముందుభాగమున దెబ్బ తగిలినవారు, లెక్కలు చేయగలవారైనను, మాటలో తెలివి తగ్గనివారైనను, నష్టపు కట్టలనే తీయుచుండిరి. తెలివి వేరు, నిర్ణయము వేరు అనుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము మాకు కనబడలేదు.

ఇంటర్నెట్టు వ్యసనము గలవారిని గూడ ఈ తీరుననే పరీక్షించిరి. ఈ ముక్కల పరీక్షలో ఫలితములన్నియు ఒక్క మాట చెప్పలేదు. కొందరు పరిశోధకులకు వ్యసనులు తీసికట్టుగను, కొందరికి అట్లు కాకయు కనబడిరి. వేరొక పరీక్షలో ఐకమత్యము హెచ్చు. “నేడు వేయి కావలెనా, నెల కాగానే రెండువేలు కావలెనా?” అని యడుగుదురు. గడువును మొత్తమును మార్చిమార్చి అడుగుదురు. వ్యసనమునకు లోనైనవారు తక్కినవారికంటె తరచుగ నేటి చిన్న మొత్తమునే కోరుకొనుచున్నట్లు పెక్కు పరిశోధనలలో తేలినది. రేపన్నది వారి కంటికి త్వరగ మసకబారును. ఈ గుణము ముందే యుండి వ్యసనమును తెచ్చెనా, లేక వ్యసనమే ఈ గుణమును పెంచెనా యన్నది ఇంకను తెగలేదు. రెండును ఒకదాని నొకటి పెంచునని పలువురి మతము. దీనికితోడు ఆవేశమును నిలుపు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన తరువాతగాని పూర్తిగ పక్వము కాదు. సరిగ ఆ యీడుననే మన పిల్లలను ఊరు విడిపించి, చేతికి ఫోనును బ్యాంకుఖాతాను ఒక్కమారే యిచ్చి పంపుచున్నాము.

సోదరులారా! ఇది పరదేశపు సంగతి యనుకొనవలదు. తొలకరి పడగానే మన కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతపు చేలలో ఏమి జరుగునో మీ రెరుగుదురు. ఉన్న పని మాని, చద్ది మూటగట్టుకొని, ఊళ్లనుండి జనము వచ్చి, చెట్లక్రింద దిగి, తల వంచి నేలను గాలింతురు. వాన మట్టిని కడుగగా వజ్రము మెరయునని ఆశ. ఎవరికో దొరకెనన్నది పత్రికలో పడును. తక్కినవారికి దొరకలేదన్నది ఏ పత్రికలోను పడదు. మొదటి దినమే ఏమియు లేదని తేలినచో మనుష్యుడు మరలిపోవును. ‘ఇంకొక్క అడుగు, ఇంకొక్క రాయి’ అన్న ఆశయే వానిని కట్టివేయును. స్కిన్నరను అమెరికా శాస్త్రజ్ఞుడు పావురములతో దీనినే చూపెను. మీటను పొడిచిన ప్రతిసారి గింజ వచ్చినపుడు కంటె, ఎప్పుడు వచ్చునో తెలియకుండ వచ్చినపుడే పావురము విడువక పొడుచుచుండెను. ఫోనులోని ఆటలు ఈ సూత్రము మీదనే నిలిచియున్నవి.

ఐనను వజ్రముల వేటకు కొన్ని హద్దులున్నవి. ప్రొద్దు గ్రుంకును. వాన వెలియును. విత్తనము పడగానే చేనిగలవాడు కేకవేసి వెళ్లగొట్టును. ఫోనులోని చేనికి ప్రొద్దు గ్రుంకదు. చేనిగలవాడు వెళ్లగొట్టడు సరికదా, వెళ్లిపోయినవానిని మరల పిలుచును.

పూర్వము జూదము లేదా యని కొందరు పెద్దలు అడుగుదురు. లేకేమి! సప్తవ్యసనములలో దానిని చేర్చినవారు ఊరక చేర్చలేదు. మన కల్యాణమండపములలో పెండ్లినాటి రాత్రి మూలగదిలో ఏమి జరుగునో ఇచట కొందరు పోషకులు మాకంటె బాగుగ చెప్పగలరు. (వారు నవ్వుచున్నారు, కోపము లేదు గాన సంతోషము.) కాని చింతచెట్టు క్రింది జూదమున చేతిలోని డబ్బు అయిపోగానే లేవవలసివచ్చెడిది. అప్పు కావలెనన్న షావుకారింటికి నడువవలెను. ఆయన ముఖము చూచును. “మీ నాయనకు తెలుసునా?” అని యడుగును. ఆ ప్రశ్నలో అవమానము కలదు; రక్షణయు కలదు. నోటు వ్రాయించి, సాక్షి చేవ్రాలు పెట్టించునప్పటికి తెల్లవారును. ఆ నడకయు, ఆ ప్రశ్నయు, ఆ సాక్షియు కలిసి మేము ఇందాక చెప్పిన ఎడమును కల్పించుచుండెను. షావుకారు మంచివాడని మేము చెప్పుట లేదు. ఆయన వడ్డీ మన తాతల పొలములను మ్రింగినది. మేము చెప్పునది ఆయన వాకిటికి గల దూరమును గూర్చి మాత్రమే.

నేడు ఆట, బ్యాంకు, అప్పిచ్చువాడు ముగ్గురును అరచేతిలోనే, రాత్రి రెండు గంటలకు గూడ మేలుకొనియున్నారు. ఓడిన బాలుడు పోయినది రాబట్టుకొనవలెనని వేడిమీద నుండగనే అప్పు యాప్ తెరచును. అది “మీ నాయనకు తెలుసునా?” అని యడుగదు. ఫోనులోని బంధుమిత్రుల నంబర్లను మాత్రము అడిగి తీసికొనును. తరువాత వారికే ఫోనుచేసి పరువు తీయుదునని బెదరించును. ఈ అక్రమము మితిమీరుటచేతనే రిజర్వు బ్యాంకు 2022లో కట్టుబాట్లు చేసెను. ఫోనుపై అప్పు తీసికొన్నవాడు మనసు మార్చుకొన్నచో, నిర్ణీతమైన గడువులోపల అసలును, అన్నాళ్ల ఖర్చును మాత్రము చెల్లించి, జరిమానా లేకుండ అప్పును రద్దుచేసికొనవచ్చును. 2025 నాటి నిబంధనలలో ఆ గడువు కనీసము ఒక దినమైనను ఉండవలెనని యున్నది. నిదానమునకు చట్టములో చోటు దొరకుట మాకు ముచ్చటగ నున్నది. కాని దొంగ యాప్‌లవారు రిజర్వు బ్యాంకు మాట వినువారు కారు.

షేరుబజారు జూదము కాదు, వ్యాపారము అనువారికొక లెక్క. 2021-22 మొదలు 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షన్సు అను బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, ఆ నష్టము మొత్తము 1 లక్షా 80 వేల కోట్ల రూపాయలను మించెననియు సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించెను. షేరు కొని పదేండ్లు ఓర్చుకొనువాని సంగతి వేరు. అతడు మన చీనీతోట రైతువంటివాడు. కాపు వచ్చువరకు కాచుకొనగలడు.

ఇచట మన సీమను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. రేపటిని నమ్మక నేటిదానిని పట్టుకొనుట ఎల్లవేళల అవివేకము కాదు. వాన వచ్చునో రాదో తెలియని నేలపై వేరుసెనగ విత్తినవానికి, రేపు వచ్చునన్న పదికంటె నేడు చేతనున్న ఐదే నిక్కము. 1876-78 నాటి ధాత కరువును చూచిన జేజవ్వలు గింజను దాచుటయు నేర్పిరి, దొరికినపుడు తినుటయు నేర్పిరి. మెట్టసేద్యమే ఏటేట ఒక పందెము. అందుచేత మన పిల్లవాడు ‘ఒక్క దెబ్బతో నాయన అప్పు తీర్చివేయుదును’ అని పందెము కాసినపుడు వానిని దురాశాపరుడని మాత్రమే తలచుట అన్యాయము. మా యొద్ద కన్నీరు పెట్టుకొన్న పిల్లలలో కొందరు ఇదే మాట చెప్పిరి. అయితే సేద్యపు పందెమునకు ఏడాదికొక్క తూరి విత్తనము. ఫోనుపందెమునకు గంటకు నలుబది విత్తనములు.

చట్టము లేకపోలేదు. రమ్మీ ప్రధానముగ నైపుణ్యపు ఆటయని సికిందరాబాదు క్లబ్బు వ్యాజ్యములో 1967లో సుప్రీముకోర్టు చెప్పియుండెను. ఫోనులో రమ్మీ ఆడించువారు ఆ తీర్పును గొడుగుగ పట్టుకొనిరి. 2020లో మన రాష్ట్రము 1974 నాటి జూదపు చట్టమును సవరించి ఆన్‌లైను పందెములను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించునట్లు డబ్బుతో ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టము చేసెను. శిక్ష ఆడించువారికే గాని ఆడినవారికి కాదు. మంచిదే. కాని ఒక వాకిలి మూసిన వేరొక పేరుతో వేరొక దేశమునుండి ఇంకొక వాకిలి తెరచుచున్నారు. చట్టము మన పిల్లవాని దిండుక్రింద కాపలా యుండజాలదు.

ఇక ముఖ్యమైన సంగతి. తొందరపాటు పిల్లలది మాత్రమే కాదు. అప్పు బయటపడిన రాత్రి పెద్దలు చేయు నిర్ణయములు చూడుడు! తెల్లవారకమునుపే ఎకరము బేరము పెట్టుదురు. ఊరివారికి తెలియకుండ అంతయు ఒక్కమారే కట్టివేయుదురు. కొట్టుదురు, లేక దేవునిముందు ప్రమాణము చేయింతురు. ‘పెండ్లి చేసిన దారికి వచ్చు’నని సంబంధము వెదకి, ఆ సంగతి దాచి, ఒక అమాయకపు ఆడపిల్ల మెడలో తాళి కట్టింతురు. ఈ చివరిది మన సంఘమునందు జరుగుచున్నదని మేము నిర్భయముగ చెప్పుచున్నాము. కోపము వచ్చువారు రావచ్చును.

మహాభారతమును మన మందరము వినియున్నాము; కాని రెండవ జూదమును మరచిపోవుదుము. ధర్మరాజు మొదటి జూదమున రాజ్యమును తమ్ములను తన్నును ఆలిని ఓడెను. ధృతరాష్ట్రుడు భయపడి అంతయు తిరిగి యిచ్చి పంపివేసెను. అనగా అప్పంతయు ఒక్క దినమున తీరినది. అతడు ఇంద్రప్రస్థము చేరకమునుపే మరల పిలుపు వచ్చెను. అతడు మరల వచ్చెను. పండ్రెండేండ్లు అడవియు ఒక యేడు అజ్ఞాతవాసమును దొరకెను. ధర్మము తెలియనివాడు కాడు. విదురుడు చెప్పకపోలేదు. పోయినది చేతికి వచ్చెను గాని, పిలుపు వచ్చినపుడు ఆగుటకు కావలసినది రాలేదు. అప్పు తీర్చి ఊరకుండు తండ్రి ధృతరాష్ట్రుని పనియే చేయుచున్నాడు.

మరి యేమి చేయవలెను? అప్పుల పట్టిక వ్రాయింపుడు. చేబదుళ్లెన్ని, బ్యాంకువెన్ని, యాప్‌లవెన్ని విడదీయుడు. బెదరింపు ఫోనులకు భయపడి ఆ గంటలోనే కట్టవలదు. మోసపు సొమ్మును గూర్చి 1930 నంబరునకు వెంటనే తెలుపుడు, పోలీసులకు ఫిర్యాదు చేయుడు. నిక్కమైన అప్పులను నెలనెల, పిల్లవాని సంపాదనతోనే, పెద్దల కంటియెదుట తీర్పింపుడు. కొన్నాళ్లు జీతపు ఖాతాకును ఫోనుకును లంకె తీసివేయుడు. రోజునకు ఇంతకుమించి పంపరాదని బ్యాంకునందు హద్దు పెట్టింపుడు. ఇవి శిక్షలు కావు. షావుకారింటికి పూర్వముండిన దూరమును మరల కొలిచి పెట్టుటయే.

వైద్యుని చూచుట సిగ్గుపడవలసిన పని కాదు. కర్నూలు సర్వజన వైద్యశాలయందు మానసిక వైద్యులున్నారు. బెంగుళూరునందలి నిమ్హాన్సు వైద్యాలయము ఈ విధమైన వ్యసనముల కొరకే 2014లో ఒక ప్రత్యేక చికిత్సాలయము తెరచినది. 14416 నంబరునకు ఫోనుచేసిన, 2022 అక్టోబరులో ఆరంభమైన టెలిమానసు సేవవారు ఖర్చులేకుండ తెలుగుననే మాటాడుదురు.

ఇంకొక మాట చెప్పుటకు నోరు రాదు, ఐనను చెప్పవలెను. తొందరపాటు నిర్ణయములలో తిరిగి సవరింపరానిది ఒకటి కలదు. అప్పు బయటపడిన రాత్రియే దానికి గడ్డురాత్రి. ఆ రాత్రి తిట్టవలదు, ఒంటరిగ విడువవలదు. పురుగుమందు ఇంటనున్న తాళముపెట్టి తాళపుచెవి వేరొక యింట నుంచుడు. చేతికి అందని దూరమున నున్న మందు ప్రాణము నిలుపునని వైద్యలోకము ఎరుగును. ఆ యావేశము సాధారణముగ నిలువదు, కొంతసేపటికి దిగిపోవును. తెల్లవారువరకు ఒకరు వాని ప్రక్కన కూర్చుండిన చాలు.

దాచుట వలననే ఇంత చేటు. మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకడ 1369 నాటి శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. ఆ దోషములలో ఒకటి కట్టనుండి నీరు ఊరుట. ఊటను చూచినవాడు ఆనాడే చెప్పవలెను. గండి పడిన పిమ్మట మన్ను మోయుటకు ఊరంతయు వచ్చును గాని, అప్పటికి చెరువు ఖాళీ.

మన వసతిగృహమును గూర్చి మా సూచనలు ముద్రించి ప్రతినిధులకు పంచియున్నాము. పిల్లల ఫోనులు గుంజుకొనవలెనని అందు లేదు. పరీక్షల ప్రకటనలు, పాఠములు, ఉద్యోగపు పిలుపులు అన్నియు వానియందే యుండగా అది జరుగని పని. సంఘమిచ్చు విద్యార్థివేతనము విద్యార్థి ఖాతాకు గాక నేరుగ కళాశాలకు చెల్లింపవలెననియు, అప్పుపడిన విద్యార్థి తానుగ వచ్చి చెప్పుకొన్నచో అతని పేరు సర్వసభ్య సమావేశమునకు ఎక్కింపక, వేతనము ఆపక, ముగ్గురు పెద్దలు మాత్రమే విచారింపవలెననియు, ఆ ముగ్గురిలో ఒక స్త్రీ యుండవలెననియు కోరితిమి. సంబంధము కుదుర్చుకొనునపుడు రెండు కుటుంబములును అప్పుల సంగతి దాపరికము లేకుండ చెప్పుకొనవలెనన్న నాలుగవ సూచనకు అభ్యంతరములు వచ్చునని మా కెరుకయే.

ఈ తీర్మానము మధ్యాహ్నపు సమావేశమునకు రానున్నది. భోజనానంతరము చేతులెత్తి దానిని ఆమోదించి బండ్లకు పరుగెత్తవలదు. కాగితమును బసకు గొనిపోయి, రాత్రి ఇంటివారితోను తోడివారితోను మాటాడి, రేపటి ఉదయమున వోటు చేయవలసినదిగ అధ్యక్షులవారిని ప్రార్థించితిమి, వారు అంగీకరించిరి.